కంచం ముందు నేను ఆపిన మాట

ముద్ద గొంతు దాటి కిందికి దిగడం గురించి ఒంట్లో బాగున్నవాళ్లు ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు. ఇప్పుడు రోజుకు ఆరుసార్లు, కొంచెం కొంచెంగా తింటాను. ఒక ముద్ద దిగిందని తెలిశాకే రెండో ముద్ద కలుపుకుంటాను. ఆపరేషనై ఐదేళ్లు దాటింది. ఇక ఏడాదికోసారి వచ్చి చూపించుకుంటే చాలని గుంటూరులో డాక్టరుగారు మొన్న మార్చిలో చెప్పారు.

ఆ రోజు ఆస్పత్రి హాల్లో నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. అన్నం తింటుంటే రొమ్ము దగ్గర అడ్డం పడుతోందని, రెండు నెలలుగా ముద్దకో గుక్క నీళ్లు తాగి నెట్టుకొస్తున్నానని, ఇంట్లో ఇంకా చెప్పలేదని అన్నాడు. ఇవాళే చెప్పమన్నాను. నా సంగతి కొంత చెప్పాను. ఆయనకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ఆయనకి చెప్పలేకపోయింది కూడా రాస్తున్నాను.

జబ్బు సంగతి 2003లో మొదలైంది గానీ, నేను చెప్పాల్సింది అంతకు ఐదేళ్ల ముందునుంచి ఉంది.

1998

మా నాన్న దూదేకులవాడు. విల్లు భుజాన వేసుకుని చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మా ఇంట్లో మాటంతా తెలుగే. నమాజు సరిగా వచ్చినవాళ్లు తక్కువ. కానీ 'బిస్మిల్లా' అనకుండా కంచంలో చెయ్యి పెట్టిన మనిషి మా ఇంట్లో లేడు. ఆ మాటకి అర్థం అడిగితే మా నాన్న, "పెట్టినోణ్ణి తలుచుకోవడం రా" అనేవాడు. అంతకు మించి ఆయనకీ తెలియదు.

నేను చదువుకుని హైస్కూల్లో సైన్సు మాస్టర్నయ్యాను. కాలేజీ రోజుల్లోనే హేతువాదుల సభలకు తిరిగి దేవుణ్ణి వదిలేశాను. అందుకు ఇప్పుడూ బాధ లేదు, ఇప్పటికీ నాకు దేవుడు లేడు. మా అమ్మాయి పుట్టినప్పుడు ఏ మతమూ తెలియకూడదని వెన్నెల అని పేరు పెట్టాను. నా భార్య సైదాబీ కాదనలేదు. నాన్న పోయాక మాతోనే ఉన్న మా అమ్మా ఏమీ అనలేదు.

వెన్నెలకి ఆరేళ్లప్పుడు ఒక రోజు నలుగురం భోజనానికి కూర్చున్నాం. అది కళ్లు మూసుకుని వాళ్ల నానమ్మలాగే బిస్మిల్లా అని ముద్ద ఎత్తింది. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను. ఈ బియ్యం ఎవరు పండించారని అడిగాను. దానికి తెలియలేదు. రైతు అని చెప్పించాను. నాటు వేసింది ఎవరు, మర పట్టింది ఎవరు, వండింది ఎవరు అని వరసగా అడిగి, తరగతిలో పిల్లల చేత చెప్పించినట్టు చెప్పించాను. వీళ్లలో నువ్వు పేరెత్తినవాడు ఎక్కడున్నాడు అన్నాను. ఎత్తిన ముద్ద దాని చేతిలోనే ఆరిపోయింది. ఆ పూట నుంచి ఈ ఇంట్లో కంచం ముందు దేవుడి పేరు వద్దని అందరికీ చెప్పేశాను.

వెన్నెల కొన్నాళ్లు అన్నం ముందు "రైతు, కూలీ, అమ్మ" అని పాఠంలాగా అప్పజెప్పేది. తర్వాత అదీ మానేసింది. నేను గమనించలేదు. నేను పేపరు చదువుతూ తినేవాణ్ణి. వండింది ఎవరని కూతుర్ని నిలదీసిన నేను, వండిన మనిషితో కూర బాగుందని ఒక్కసారి అన్న గుర్తు లేదు. అమ్మా సైదా మెల్లగా వంటింట్లో, నేను తిని లేచాక తినడం మొదలుపెట్టారు. ఆడవాళ్ల పాత అలవాటు మళ్లీ పట్టుకుందనుకున్నాను.

2003 వేసవి

మార్చి, ఏప్రిల్ నెలల్లో మా ఊరి చుట్టూ కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. గాలి తిరిగితే ఊరు ఊరంతా దగ్గుతుంది. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం పప్పన్నం ముద్ద నా రొమ్ము మధ్యలో ఆగిపోయింది. నీళ్లు తాగితే దిగింది. మిరప ఘాటుకి గొంతు పట్టేసిందనుకున్నాను. మే నెల వచ్చింది, కాయలు మిర్చి యార్డుకి వెళ్లిపోయాయి, ఘాటు పోయింది. నా గొంతు మాత్రం అలాగే ఉంది.

నాకు భయం వేసింది. భయమేసినవాడు డాక్టరు దగ్గరికి వెళ్లాలని పిల్లలకి చెప్పేవాణ్ణి నేనే. వెళ్లలేదు. దిగని ముద్దని జేబురుమాల్లో పెట్టుకుని లేచిపోయేవాణ్ణి. ఏమయిందని సైదా అడిగితే ఉప్పెక్కువైందనేవాణ్ణి, కూర బాలేదనేవాణ్ణి. ఆమె కారం తగ్గించింది. గోంగూర మానేసింది. అన్నం మెత్తగా వండింది. పక్కింటావిణ్ణి అడిగి కొత్త కూరలు చేసింది. వాటికీ వంకలే పెట్టాను.

ఒక రోజు సగం తిని లేచి వరండాలోకి వెళ్లి, దేనికో వెనక్కి తిరిగి చూశాను. సైదా నా కంచం ముందు కూర్చుని నేను వదిలేసిన అన్నం తింటోంది. ఆకలికి కాదు. ఒక్కొక్క ముద్దా నోట్లో పెట్టుకుని, ఎక్కడ తప్పు జరిగిందో వెతుకుతోంది. అప్పుడైనా లోపలికి వెళ్లి నిజం చెప్పి ఉండొచ్చు. చెప్పులు వేసుకుని బజారుకి వెళ్లిపోయాను.

జులైలో సైదా బట్టలు ఉతకబోతూ ఒక జేబురుమాలు పట్టుకుని వచ్చింది. నమిలిన అన్నం అందులో గట్టిపడి ఉంది. నేను బడికి బయల్దేరుతున్నాను.

"కూర బాలేక కాదు కదండీ?" అంది.

కాదన్నాను. దిగట్లేదన్నాను. ఆమె గుమ్మం పట్టుకుని కూర్చుండిపోయింది. ఏడ్చే ముందు ఆమె మొహంలో ఒక్క క్షణం ఊరట కనిపించింది. తప్పు తన వంటది కాదని తెలిసిన ఊరట. మూడు నెలలు ఆమెని ఎలాంటి బాధలో ఉంచానో నాకు అప్పుడు తెలిసింది.

ఆగస్టు, సెప్టెంబరు

గుంటూరు ఆస్పత్రిలో పొద్దున ఎనిమిదింటికి చీటీ తీసుకుంటే పేరు పిలిచేసరికి ఒంటిగంటయ్యేది. ఆ హాల్లో అందరూ గోడ గడియారాన్నే చూసేవాళ్లు, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునేవాళ్లు కాదు. సైదా సంచిలో ఇడ్లీ తెచ్చుకునేది గానీ నా ముందు విప్పేది కాదు. నీళ్లు తెస్తానని బయటికి వెళ్లి ఎక్కడో నిలబడి తినొచ్చేది. నాలుగోసారి వెళ్లినప్పుడు అన్నం దిగే గొట్టంలో గడ్డ ఉందని, అది మంచిది కాదని, తీసేయాలని చెప్పారు. ఆ తర్వాత డాక్టరుగారు ఏం చెప్పారో నాకు వినపడలేదు. సైదాయే అన్నీ విని గుర్తుపెట్టుకుంది.

ఇంట్లో గొడవలు అప్పుడే మొదలయ్యాయి. దర్గాకి మొక్కుకుంటానని అమ్మ అంది. వద్దన్నాను. తాయెత్తు తెచ్చి నా దిండు కింద పెట్టింది. తీసి ఆమె చేతిలోనే పెట్టాను. "నీకోసం కాదురా, నాకోసం పెట్టుకున్నా" అని అమ్మ అంది. నా ఒంటి మీద మీ నమ్మకాలు రుద్దొద్దని అరిచాను. అరిచాక గొంతులో నొప్పి లేచి గోడకి చేరబడ్డాను. వెన్నెల తలుపు పక్కన నిలబడి అంతా చూసింది. దానికప్పుడు పదకొండేళ్లు.

అక్టోబరు, నవంబరు

అక్టోబరు మధ్యలో ఆపరేషను చేశారు. వారంలో నోటితో తినొచ్చన్నారు. కానీ లోపల కుట్టు దగ్గర కారుతోందని తేలింది. అది మూసుకునేదాకా నోట్లో నీటిచుక్క కూడా పడకూడదన్నారు. పొట్టలోకి సన్నని గొట్టం పెట్టారు. గొంతు నుంచి మాట సరిగా వచ్చేది కాదు, ఏదన్నా చెప్పాలంటే కాగితం మీద రాసేవాణ్ణి. అలా ఆరు వారాలు.

పక్క మంచం మీద మార్టూరు వైపు రైతు వెంకట్రావుగారు ఉండేవారు. ఆయన భార్య సుబ్బాయమ్మగారు. మొదటి రోజు ఆవిడ క్యారేజీ విప్పగానే గోంగూర వాసన నాదాకా వచ్చింది. నేను మొహం తిప్పుకోవడం ఆవిడ చూసింది. మర్నాటి నుంచి క్యారేజీ వరండా చివరికి తీసుకెళ్లి తినేది. నాతో ఎప్పుడూ ఆ సంగతి అనలేదు. భర్త నడవగలిగాక ఆయన్నీ అక్కడికే తీసుకెళ్లింది.

వెంకట్రావుగారు తిని చెయ్యి కడుక్కుని వచ్చేటప్పుడు "అన్నదాతా సుఖీభవ" అనుకుంటూ వచ్చేవారు. మీరే కదండీ రైతు, ఎవర్ని దీవిస్తున్నారని కాగితం మీద రాసి చూపించాను. మాస్టారి బుద్ధి ఒక పట్టాన పోదు. ఆయన చదివి నవ్వారు.

"నేను పండించేది మిరపకాయలండీ. బియ్యం నేనూ కొనుక్కునేవాణ్ణే. ఏ ఊళ్లో ఎవరు పండించారో నాకేం తెలుసు? తెలీదు గాబట్టే అనుకుంటాను" అన్నారు.

నేను వెన్నెలకి చెప్పాలనుకున్నది ఇదే. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపి నిలదీస్తే, ఆయన తుండుతో చెయ్యి తుడుచుకుంటూ చెప్పేశారు.

గొట్టంలో పోసేదంతా సైదాయే చేసుకొచ్చేది. రాగి జావ, పప్పుకట్టు, మజ్జిగ, అన్నీ పలచని గుడ్డలో రెండుసార్లు వడకట్టేది. రెండు గంటలకోసారి పెద్ద సిరంజిలోకి తీసుకుని ఎత్తి పట్టుకునేది. నా నోటికి రుచి తెలియదు, ముక్కుకి వాసన తెలియదు. పొట్టలో మాత్రం కాస్త వెచ్చగా తెలిసేది. ఒకసారి కళ్లు తెరిచేసరికి, సిరంజి ఎత్తి పట్టుకున్న ఆమె పెదాలు కదులుతున్నాయి. నన్ను చూడగానే ఆగిపోయాయి. మాట సగంలో మింగేసి, తప్పు చేస్తూ దొరికిన పిల్లలా తల వంచుకుని పోసింది.

తలూపితే సరిపోయేది. చెప్పుకో అన్నట్టు కళ్లతో సైగ చేసినా సరిపోయేది. ఏమీ చేయలేదు. ఆ తర్వాత నుంచి పోసే వేళకి నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకునేవాణ్ణి. ఆమెని చెప్పుకోనిస్తున్నాను కదా అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఇప్పుడనిపిస్తుంది, నేను ఒప్పుకోలేదు, చూడనట్టు నటించానంతే. అన్నేళ్లూ వంటింట్లో దాక్కుని చెప్పుకున్న మనిషి, ఆస్పత్రిలోనూ నా కనురెప్పల చాటున దాక్కునే చెప్పుకుంది.

అది రంజాన్ నెల. నాకు ఆ ధ్యాసే లేదు. ఒక ఆదివారం అమ్మ వెన్నెలని బస్సులో తీసుకొచ్చింది. మధ్యాహ్నం దాటింది, బయట ఎండగా ఉంది. పిల్ల బాగా చిక్కింది. సుబ్బాయమ్మగారు అరటిపండు ఇస్తే, తినే వచ్చానండీ అంది. కాసేపు నా కాళ్ల దగ్గర కూర్చుని బడి సంగతులు చెప్పింది. లేచి కిటికీ దాకా వెళ్లబోయి, తూలి మంచం కమ్మీ పట్టుకుని కింద కూలబడింది. నర్సమ్మ పరుగున వచ్చి మొహం మీద నీళ్లు చల్లి, తాగమని గ్లాసు అందించింది. వెన్నెల తల అడ్డంగా ఊపింది. పెదాలు గట్టిగా మూసుకుంది.

నేను అమ్మ వైపు చూశాను, సైదా వైపు చూశాను. చివరికి సైదాయే చెప్పింది.

"రోజా ఉంటోందండీ. పంతొమ్మిది రోజులైంది. మీరు నోటితో తినేదాకా ఉంటానంది. మీకు చెప్పొద్దంది."

నేను కాగితం తీసుకుని 'నీళ్లు తాగు' అని రాసి, కింద రెండు గీతలు గీశాను. ఏ తండ్రైనా అదే రాసేవాడు. అక్కడితో ఆపి ఉంటే ఇవాళ ఇది రాసే పని ఉండేది కాదు. దాని కింద ఇంకో వాక్యం రాశాను. 'ఇవన్నీ మూఢనమ్మకాలు, నేను మందులతో బతుకుతాను, నీ ఆకలితో కాదు' అని.

వెన్నెల చదివింది. గ్లాసు తీసుకుని నీళ్లన్నీ తాగేసింది. "సరేనా నాన్నా" అంది. ఏడవలేదు. సుబ్బాయమ్మగారు అరటిపండు వలిచి ఇస్తే అదీ తింది. నాకు ఒక చుక్క దిగని రోజుల్లో, నాకోసం నోరు కట్టుకున్న ఒక్క మనిషిని నేను మందలించి పంపాను. ఆ సాయంత్రం సైదా సిరంజి ఎత్తినప్పుడు కళ్లు మూసుకోవడం మర్చిపోయాను. ఆమె పెదాలు కదల్లేదు.

డిసెంబరు

డిసెంబరు మొదటి వారంలో కుట్టు మూసుకుందన్నారు. మొదట చెంచాతో నీళ్లు ఇచ్చారు, అవి దిగాయి. మర్నాడు సైదా పలచగా గంజి కాచి, చిటికెడు ఉప్పు వేసి తెచ్చింది. డాక్టరుగారు, నర్సమ్మ, వెంకట్రావుగారు, సుబ్బాయమ్మగారు, అందరూ నన్నే చూస్తున్నారు. మొదటి చెంచా నాలుక మీద పడింది. ఉప్పు రుచి తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఏదో అనాలనిపించింది. ఎవరితో అనాలి, ఏమనాలి? మా నాన్నకి ఒక మాట ఉండేది, వెంకట్రావుగారికి ఒక మాట ఉంది. నాకున్న మాటల్లో అక్కడ పనికొచ్చేది ఒక్కటీ లేదు. అంతలో సైదా రెండో చెంచా పట్టుకుంది.

"ఇంకొంచెం" అన్నాను. ఏడు వారాల తర్వాత అన్నం గురించి నా నోట వచ్చిన మొదటి మాట అదే.

ఆ తర్వాత

సంక్రాంతి సెలవుల తర్వాత ఇంటికొచ్చాం. కొన్నాళ్లకి నేనే కదిపాను. ఇకనుంచి అన్నం ముందు మీ ఇష్టమొచ్చినట్టు చెప్పుకోండి, పైకే చెప్పుకోండి, అందరం కలిసి తిందాం అన్నాను. అమ్మ నవ్వి, ఇప్పుడెందుకులేరా అంది. రెండేళ్ల కిందట పోయేదాకా ఆమె వంటింట్లోనే తింది.

సైదా మాత్రం నా పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టింది. కానీ ఆ మాట వినపడలేదు. ఎందుకని అడిగాను.

"పైకి చెప్పే అలవాటు పోయిందండీ. లోపల అనుకుంటే చాలదా?" అంది.

చాలదని నేనెలా అనగలను? ఆమె చెప్పకపోయినా నేనేదో ఒకటి చెప్పాలనుకుని, ఒక రోజు పప్పు బాగుందన్నాను. సైదా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నా గొంతు వంక చూసింది. దిగుతోందా అని అడిగింది. దిగుతోంది, నిజంగానే బాగుందన్నాను. ఆమె నమ్మలేదు. లేచి నీళ్లు తెచ్చి పక్కన పెట్టి, నేను తినడం అయ్యేదాకా నా మొహమే చూస్తూ కూర్చుంది. వంట గురించి అన్ని అబద్ధాలు చెప్పినవాడి మెప్పు అంత త్వరగా నమ్మే మాట కాదు. ఇప్పటికీ రోజూ ఏదో ఒకటి బాగుందంటూనే ఉన్నాను. ఈమధ్యే మెల్లగా నమ్ముతోంది.

వెన్నెలతో మాట్లాడటానికి నాకు ఐదేళ్లు పట్టింది. ఈ వేసవిలో ఇంటరు పరీక్షలు రాసి హాస్టలు ఖాళీ చేసి ఇంటికొచ్చింది. సైన్సులో మంచి మార్కులొస్తాయి దానికి. కంచం పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని తింటుంది, నాలాగే. మొన్న సైదా వాళ్ల పుట్టింటికి వెళ్లిన రోజు, మధ్యాహ్నం మేమిద్దరమే కూర్చున్నాం. నేనే వడ్డించాను. ఆస్పత్రిలో ఆ ఆదివారం గుర్తుందా అని అడిగాను. అది పుస్తకం మూసింది.

నీళ్లు తాగమన్నందుకు కాదు, ఆ రెండో వాక్యం రాసినందుకు, నేను తప్పు చేశానమ్మా అన్నాను.

"మొదటి వాక్యం నాకు గుర్తులేదు నాన్నా" అంది. "రెండోదే గుర్తుంది."

తర్వాత అదే చెప్పింది, కోపమేమీ లేకుండా, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

"నాకప్పుడు నమ్మకమూ లేదు, మూఢనమ్మకమూ లేదు. మీరు తినట్లేదు, నాకేం చెయ్యాలో తెలీలేదు. చెయ్యడానికి నాకు దొరికింది అదొక్కటే."

నాకు ముద్ద దిగలేదు. ఈసారి జబ్బు వల్ల కాదు. అది గమనించి గ్లాసు నా వైపు జరిపింది. ఇప్పుడు అన్నం ముందు ఏమైనా అనుకుంటావా అని అడిగాను.

"ఏమీ అనుకోను" అంది. "అన్నం చల్లారకముందే తినండి."

పుస్తకం మళ్లీ తెరవలేదు. నేను చిన్న చిన్న ముద్దలు తినడం పూర్తయ్యేదాకా, తన కంచం ఖాళీ అయినా లేవకుండా, ఎండిపోతున్న ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని కూర్చుంది.